మంచం పక్కన చెప్పే మాట: దిగువ కృష్ణా డెల్టాలో నర్సింగ్ సంరక్షణ, రోగికి బోధన

జబ్బుపడ్డ మనిషి తనంతట తాను చేసుకోలేని పనులను అతని తరఫున చేసిపెట్టి, వాటిని మళ్ళీ తనే చేసుకోగలిగే స్థితికి వీలైనంత త్వరగా చేర్చడమే నర్సింగ్ సంరక్షణ. అమెరికా నర్సు వర్జీనియా హెండర్సన్ ఇరవయ్యో శతాబ్దంలో ఇచ్చిన నిర్వచనం సారం ఇదే. ఊపిరి పీల్చడం, తినడం, విసర్జించడం, కదలడం, నిద్రపోవడం అంటూ ఆమె మనిషికి పద్నాలుగు అవసరాలను లెక్కగట్టింది. ఆ వరుసలో పద్నాలుగోది నేర్చుకోవడం. తన ఒంటికి ఏమైందో, ఇంటికి వెళ్ళాక ఏం చేసుకోవాలో రోగికి తెలియజెప్పడాన్ని నర్సింగ్ గ్రంథాలు రోగి విద్య అంటాయి. దానికి తీరిక దొరికితే చెప్పే నాలుగు మంచి మాటల స్థాయి ఇస్తే సరిపోదు. సూది వేయడం, కట్టు కట్టడం ఎంత పనో ఇదీ అంతే పని.

దిగువ కృష్ణా డెల్టాలో ఈ సంగతి చాలా స్పష్టంగా కనిపిస్తుంది. మచిలీపట్నం కృష్ణా జిల్లా కేంద్రం, రేవు పట్టణం. గుడివాడ చుట్టూ వరిచేలు, చేపల చెరువులు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలితే ఆ పాయల నడుమ, సముద్రం దాకా పరుచుకున్న లంక నేల దివిసీమ. మచిలీపట్నం, గుడివాడల్లో పెద్ద ప్రభుత్వాసుపత్రులున్నాయి, అవనిగడ్డలోనూ ప్రభుత్వాసుపత్రి ఉంది. అయినా నాగాయలంక అవతల ఎదురుమొండి లాంటి దీవి ఊరివాళ్ళు పంటు మీద నది దాటితేగాని ఏ ఆసుపత్రికీ చేరలేరు. అలాంటి చోట రోగి నెలకొకసారి డాక్టరును చూస్తాడు. మిగిలిన ఇరవై తొమ్మిది రోజులూ అతన్ని కాపాడేది ఆసుపత్రిలో విని, గుర్తుపెట్టుకుని వచ్చిన మాటే.

కాలువ నీళ్ళు, నైటింగేల్

ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ (1820–1910) ఏనాడూ భారతదేశంలో అడుగుపెట్టలేదు. కానీ కృష్ణా, గోదావరి డెల్టాల గురించి ఆమెకు తెలిసినంత ఆ కాలపు ఇంగ్లండులో చాలామంది మంత్రులకు తెలియదు. 1854లో క్రిమియా యుద్ధ సమయంలో స్కుటారి ఆసుపత్రిలో సైనికులు గాయాలకంటే మురికి వల్ల, అంటురోగాల వల్ల ఎక్కువగా చనిపోవడం చూసిన మనిషి ఆమె. ఆ తర్వాత భారతదేశంలోని సైనికుల ఆరోగ్యం మీద, అక్కడి నుంచి గ్రామాల పారిశుద్ధ్యం మీద, కరువు మీద దశాబ్దాల పాటు రాసింది. ఆ దారిలో ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపింది, నీటిపారుదల మీద అతని వాదాన్ని బలంగా సమర్థించింది. గోదావరి మీద 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, కృష్ణ మీద 1855లో పూర్తయిన బెజవాడ (విజయవాడ) ఆనకట్ట ఆమె దృష్టిలో ఇంజనీరింగు పనులు మాత్రమే కావు, ప్రాణరక్షణ పనులు. భారతదేశంలోని చావుబతుకుల మీద 1874లో ఆమె ప్రచురించిన చిన్న పుస్తకానికి నీటిపారుదల మీద ప్రత్యేకంగా అనుబంధమే జోడించింది.

ఇంటి ఆరోగ్యానికి ఆమె చెప్పిన ఆధారాలు అయిదు: మంచి గాలి, మంచి నీరు, మురుగు పోయే దారి, శుభ్రత, వెలుతురు. డెల్టా శివారు గ్రామంలో నిలబడి చదివితే ఇందులో రెండోదీ మూడోదీ వెంటనే తగులుతాయి. కాలువ చివరి ఊళ్ళలో చాలాచోట్ల తవ్వితే ఉప్పునీరే పడుతుంది. అందుకే కాలువ నీటితో చెరువు నింపుకుని తాగడం ఇక్కడి అలవాటు. పైనుంచి కాలువ తెచ్చేది నీళ్ళు ఒక్కటే కాదు, దారి పొడుగునా ఊళ్ళు వదిలినవన్నీ ఆ నీళ్ళతో పాటే వస్తాయి. మురుగు కాలువ పూడిపోతే వానాకాలంలో ఆ నీరు దోమలతో వీధిలోనే ఉంటుంది. నీళ్ళవిరేచనాలు, జ్వరాలు, బోదకాలు ఇక్కడ నర్సు చేతికి వచ్చే పనిలో పెద్ద భాగం కావడానికి కారణం ఈ నేల తీరే.

ఈ ప్రాంతంలో శిక్షణ పొందిన నర్సుల పని మిషన్ ఆసుపత్రులతో మొదలైంది. అమెరికన్ లూథరన్ మిషన్ డాక్టరు అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆమె కట్టించిన ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. అప్పటికి గుంటూరు వేరే జిల్లా కాదు. మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలోనిదే, 1904లో విడిపోయింది. ఆడవాళ్ళు మగ డాక్టరు ముందుకు రాని కాలంలో ఇల్లాళ్ళతో మాట్లాడగలిగింది తెలుగు నేర్చిన ఆమెలాంటి ఆడ డాక్టర్లూ, వాళ్ళ దగ్గర పని నేర్చుకున్న స్థానిక ఆడపిల్లలూ. నర్సును సిస్టర్ అని పిలిచే అలవాటు క్రైస్తవ సన్యాసినుల సేవ నుంచి వచ్చింది. పల్లెల్లో ఇప్పటికీ సిస్టరమ్మా, నర్సమ్మా అన్న పిలుపులే వినిపిస్తాయి.

చట్టాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీలో నర్సులు, మంత్రసానుల చట్టం 1926లో వచ్చింది. దేశమంతటికీ ఒకే స్థాయి శిక్షణ ఉండాలని 1947 చట్టంతో భారత నర్సింగ్ కౌన్సిల్ ఏర్పడింది. ఆ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. గుడివాడ దగ్గరి నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1986లో విజయవాడలో ఏర్పాటైన ఆరోగ్య విశ్వవిద్యాలయమే నేడు రాష్ట్రంలో నర్సింగ్ డిగ్రీలు ఇస్తోంది. మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. దాంతో పాత జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి అయింది.

చూడటం, రాయడం, మళ్ళీ చూడటం

నర్సింగ్‌ను శాస్త్రంగా నిలబెట్టింది ఒక క్రమం. రోగిని పరిశీలించాలి, అతని అవసరమేమిటో తేల్చుకోవాలి, చేయవలసింది అనుకోవాలి, చేయాలి, చేసినదానికి ఫలితం వచ్చిందో లేదో మళ్ళీ చూడాలి. రాకపోతే మొదటికి రావాలి. వింటే తేలిక. రాత్రి డ్యూటీలో ముప్పై మంచాల వార్డులో ప్రతి మంచానికీ ఇది చేయడం తేలిక కాదు.

పరిశీలనలో మొదటివి జ్వరం, నాడి, శ్వాస, రక్తపోటు. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో నాడి నిమిషానికి 60 నుంచి 100, శ్వాస 12 నుంచి 20 ఉండాలి. వీటిలో ఎక్కువమంది అశ్రద్ధ చేసేది శ్వాసను. మనిషి పరిస్థితి దిగజారబోతోందని చాలాసార్లు అందరికంటే ముందు చెప్పేది అదే. రోగికి తెలియకుండా, నాడి పట్టుకున్నట్టే ఉండి పూర్తి నిమిషం పాటు ఛాతీ కదలికను లెక్కపెట్టడం మంచి నర్సుకు గుర్తు.

మందు ఇచ్చేటప్పుడు సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం చూసుకోవాలన్నది నర్సింగ్ విద్యార్థి మొదటి ఏడాదిలోనే వల్లె వేసే పాఠం. డెల్టాలో దీనికి ఒక చిక్కుంది. ఒకే వార్డులో ముగ్గురు వెంకటేశ్వరరావులు, ఇద్దరు నాంచారమ్మలు ఉండటం ఇక్కడ మామూలు. పేరు పిలిస్తే మగతలో ఉన్న మనిషి ఎవరి పేరుకైనా ఊఁ అంటాడు. అందుకే నర్సు “నీ పేరు నాంచారమ్మేనా?” అని అడగకూడదు. “మీ పేరేంటమ్మా, ఏ ఊరు?” అని రోగి నోటే చెప్పించి, కేసు షీటుతో సరిచూసుకోవాలి.

చేతులు కడుక్కోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు సందర్భాలు చెప్పింది: రోగిని తాకే ముందు, శుభ్రంగా చేయాల్సిన పనికి ముందు, ఒంటి ద్రవాలు తగిలాక, రోగిని తాకాక, రోగి చుట్టూ ఉన్న వస్తువులను తాకాక. పక్షవాతం వచ్చి మంచం పట్టిన వాళ్ళను రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఈ పుండ్లు మానడానికి నెలలు పడుతుంది. పడకుండా చూడటానికి కావలసింది రెండు చేతులు, ఒక గడియారం. ఆసుపత్రిలో ఆ చేతులు నర్సువి. ఇంట్లో కోడలివో భార్యవో. కాబట్టి డిశ్చార్జికి రెండు రోజుల ముందు నుంచే ఆ ఇంటి మనిషిని పక్కన నిలబెట్టుకుని, దుప్పటి మడిచి ఒరిగించే పద్ధతి ఆమె చేతనే చేయించాలి.

భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సాధారణ ఆసుపత్రిలో అయిదుగురికి ఒక నర్సు ఉండాలి. ఈ లెక్క తప్పినప్పుడు ఇంజెక్షన్లు ఆగవు, సెలైన్లు ఆగవు. మొట్టమొదట ఆగిపోయేది రోగితో మాట్లాడటమే. అది ఏ రిజిస్టరులోనూ ఖాళీగా కనపడదు.

పాముకాటు రాత్రి

దివిసీమలో నర్సు నైపుణ్యాన్ని దగ్గరగా చూడాలంటే పాముకాటు కేసు చూడాలి. నాట్లు, వరదలు కలిసివచ్చే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కాట్లు పెరుగుతాయి. 2018 ఆగస్టులో అవనిగడ్డ చుట్టుపక్కల వందకు పైగా కేసులు రావడంతో జనం భయపడిపోయారు. ఆ నెలాఖరున మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి ఆలయంలో దేవాదాయ శాఖ సర్పయాగం కూడా తలపెట్టింది. నాగుపాముకు పాలు పోసే ప్రాంతంలో ఇది అర్థం చేసుకోదగిన స్పందనే. మంచి నర్సు ఆ నమ్మకాన్ని ఎద్దేవా చేయదు. మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు, ముందు ఆసుపత్రికి రండి అంటుంది.

ఇక క్యాజువాలిటీ. గట్టు మీద నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన రైతును రాత్రి పదింటికి తీసుకొచ్చారనుకుందాం. కాలికి తాడు బిగించి కట్టి ఉంటుంది. నర్సు దాన్ని పటుక్కున తెంపేయదు. డాక్టరు వచ్చి, సెలైన్ ఎక్కే దారి సిద్ధమయ్యాకే జాగ్రత్తగా వదులు చేస్తారు, ఎందుకంటే కట్టిన చోట ఆగిన విషం ఒక్కసారిగా పైకి పాకవచ్చు. ఆ తర్వాత ఆమె చేసే పరీక్షకు పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, స్టాండులో కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచాలి. మధ్యలో ఎత్తి చూడకూడదు, ఊపకూడదు. ఇరవై నిమిషాలు కాగానే ఒక్కసారి వంచి చూడాలి. రక్తం గడ్డకట్టి కదలకుండా ఉంటే కొంత ఊరట. నీళ్ళలా జారితే రక్తపింజరి విషం ఎక్కిందని అర్థం. గొట్టం ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగి సరిగా ఆరనిదైనా పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. ప్రాణం నిలవడం ఒక గాజు గొట్టం శుభ్రత మీద ఆధారపడే సందర్భాలు వైద్యంలో తక్కువ.

దేశంలో దొరికే విషవిరుగుడు మందు నాలుగు పాములకు పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి. మొదటి మోతాదు సాధారణంగా పది వయల్స్, గంటసేపు సెలైన్‌లో ఎక్కిస్తారు. అది గుర్రపు రక్తం నుంచి తయారైంది కాబట్టి కొందరికి దద్దుర్లు, ఆయాసం, రక్తపోటు పడిపోవడం వస్తాయి. అందుకని అడ్రినలిన్ సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకోవడం నర్సు బాధ్యత. ఆరు గంటల తర్వాత మళ్ళీ గాజు గొట్టం పరీక్ష. గడ్డకట్టించే పదార్థాలను కాలేయం తిరిగి తయారు చేయడానికి ఆ మాత్రం సమయం కావాలి.

కట్లపాము తీరు వేరు. నేల మీద పడుకున్న మనిషిని నిద్రలో కాటేస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తాడు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. నర్సు అతని కళ్ళనే చూస్తూ ఉండాలి. “పైకి చూడండి బాబాయ్, ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలరో పెట్టండి” అని గంటగంటకూ అడుగుతుంది. ఇరవై దాకా లెక్కపెట్టిన మనిషి పది దగ్గరే ఆగిపోతే శ్వాస కండరాలు సడలుతున్నాయని తెలిసిపోతుంది, కృత్రిమ శ్వాసకు సిద్ధం చేస్తారు.

కోలుకుని వెళ్ళేటప్పుడు చెప్పేవి చాలా ఇంటిపట్టు మాటలు. రాత్రి చేనికి వెళితే టార్చి, గమ్‌బూట్లు తప్పనిసరి. మంచం మీద, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెరలో పడుకోవాలి. గడ్డివామి, ధాన్యం బస్తాలు ఉన్నచోట ఎలుకలుంటాయి, ఎలుకల కోసం పాము వస్తుంది. కాటు వేస్తే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడు బిగించకూడదు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, కాలినో చేతినో కర్రకట్టుతో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. పామును చంపి తేవాల్సిన పని లేదు. కాటుపడ్డ సమయం గుర్తుంటే చాలు. ఇవి విన్న రోగి తన వీధిలో పదిమందికి చెబుతాడు. పాము కాటు నుంచి బతికొచ్చినవాడి మాటకు ఊళ్ళో ఉండే విలువ ఏ పోస్టరుకూ ఉండదు.

అర్థమైందా అని అడగవద్దు

డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. మందుల అట్టల మీద పేర్లూ ఎక్కువగా ఇంగ్లీషులోనే. చదువు తక్కువైన రోగి బిళ్ళను రంగుతో గుర్తుపెట్టుకుంటాడు: తెల్ల బిళ్ళ బీపీకి, గులాబీ బిళ్ళ షుగరుకు. వచ్చే నెల కంపెనీ మారి రంగు మారితే లెక్క తారుమారవుతుంది. చీటీ మీద ‘1-0-1’ అని రాస్తే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని ఫార్మసిస్టుకు తెలుసు, అవ్వకు తెలియదు. అందుకే అనుభవమున్న నర్సులు కవరు మీద సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ గీసి, అన్నానికి ముందో తర్వాతో పళ్ళెం బొమ్మ వేసి ఇస్తారు.

బోధనలో అన్నిటికంటే పెద్ద పొరపాటు “అర్థమైందా?” అనే ప్రశ్న. మర్యాద తెలిసిన మనిషి దానికి “ఆఁ, అర్థమైందండీ” అనే చెబుతాడు, ఏమీ అర్థం కాకపోయినా. దానికి బదులు “ఇంటికెళ్ళాక మీ కోడలికి ఇది ఎలా చెబుతారో ఒకసారి నాకు చెప్పండి పెద్దమ్మా” అని అడగాలి. పెద్దమ్మ తప్పు చెబితే ఆ తప్పు ఆమెది అనుకోకూడదు, తాను సరిగా చెప్పలేదని నర్సు గ్రహించి మరో తీరులో చెప్పాలి. చెప్పింది తిరిగి చెప్పించుకునే ఈ పద్ధతిని ప్రపంచమంతా రోగి విద్యకు గుండెకాయగా గుర్తించింది.

ఇన్సులిన్ మొదలుపెట్టిన వ్యవసాయ కూలీ ఉదాహరణ చూస్తే ఇది ఎంత ప్రాణంమీది సంగతో తెలుస్తుంది. మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకు 40 యూనిట్లున్నదానికి ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లున్నదానికి నారింజ మూత సిరంజి. వందది తెచ్చుకుని ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 50 యూనిట్లు, అంటే రెండున్నర రెట్లు. కాబట్టి సీసా మీది అంకె, సిరంజి మూత రంగు పక్కపక్కన పెట్టి చూపించాలి. తెల్లగా మబ్బుగా ఉండే రకాన్ని ఊపకుండా అరచేతుల మధ్య దొర్లించాలి. పొట్ట మీద రోజూ ఒకేచోట పొడవకూడదు, పొడిస్తే అక్కడ గడ్డలా తయారై మందు సరిగా ఎక్కదు. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో, తడి ఇసుక పోసిన కుండలో చిన్న ముంతను దించి, మూతపెట్టి నీడలో ఉంచితే ఎండాకాలంలో కూడా కొంత చల్లదనం నిలుస్తుంది.

అసలు ప్రమాదం మరొకటి. నాట్ల రోజుల్లో కూలీలు తెల్లవారకుండానే చేలోకి దిగుతారు. పొద్దున్నే సూది వేసుకుని, చద్దన్నం చేలో తిందాములే అని వెళ్ళి, పని వేగంలో తినడం ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, కళ్ళు తిరగడం, తిక్కమాటలు. మిగతావాళ్ళు ఎండదెబ్బ అనుకుంటారు. నర్సు చెప్పవలసింది ఇక్కడుంది: అన్నం కంచం ముందు పెట్టుకున్నాకే సూది, కొంగున ఎప్పుడూ మూడు చెంచాల పంచదార పొట్లం, పక్కన నాటేవాళ్ళలో ఒకరికైనా ఈ సంగతి తెలిసి ఉండటం. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108ని పిలవాలి. రోగి దినచర్య అడిగి తెలుసుకోకుండా “వేళకు తినాలమ్మా” అని చెప్పడం బోధన కిందికి రాదు.

బీపీ రోగికి ఉప్పు తగ్గించమనడం కూడా అలాంటిదే. రోజుకు అయిదు గ్రాములకు, అంటే ఒక చెంచాకు మించవద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. తీరంలో ఎండుచేపలు, ఇంటింటా ఆవకాయ. రెండూ మానేయమంటే రెండో వారానికే మాట పక్కకు పోతుంది. ఎండుచేపను రెండుసార్లు వేడినీళ్ళలో నానబెట్టి పిండేసి, ఆ కూరలో మళ్ళీ ఉప్పు వేయకుండా వండుకోమంటే వినే మనిషి వింటాడు.

బాలింత మంచం, బోదకాలు పీట

ప్రసూతి వార్డులో నర్సు పోటీ పడాల్సింది అమ్మమ్మలతో. పోటీ అనడం కంటే ఒప్పందం అనాలేమో. పచ్చి బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదని, కూరలు పెట్టకూడదని పాత పథ్యం. దాహం కట్టుకున్న తల్లికి మలబద్ధకం, నీరసం పెరుగుతాయి, పాల మీదా దెబ్బ పడవచ్చు. ముర్రుపాలు పిండి పారబోసే అలవాటు చాలావరకు తగ్గినా, బిడ్డ నాలుకకు తేనె రాయాలనే కోరిక ఇంకా ఉంది. పుట్టిన గంటలోపు ముర్రుపాలు, ఆరు నెలలు తల్లిపాలే, మధ్యలో నీళ్ళు కూడా అక్కర్లేదు. ఈ మాట బాలింతకు చెబితే సగమే పని. నిర్ణయం అత్తగారిదో అమ్మదో కాబట్టి ఆమెను కూర్చోబెట్టి చెప్పాలి. పథ్యంలో హాని లేనివాటిని, వెల్లుల్లి కారం అన్నం ముద్దలాంటి వాటిని మెచ్చుకుని, హాని చేసేవాటిని మాత్రమే మార్చమని అడిగితే పెద్దావిడ తలూపుతుంది.

గర్భిణికి ఇచ్చే ఐరన్ బిళ్ళల కథ ఇంకా చిన్నది. మింగితే విరేచనం నల్లగా అవుతుంది, కొందరికి వికారం వస్తుంది. ముందే చెబితే భయపడదు. చెప్పకపోతే మూడో రోజు బిళ్ళలు గూట్లోకి పోతాయి. టీతో, పాలతో కాకుండా నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది.

బోదకాలు డెల్టాలో పాత శత్రువు. దోమ ద్వారా వచ్చే ఫైలేరియా పురుగు శోషరస నాళాలను పాడుచేయడంతో కాలు ఉబ్బిపోతుంది. వ్యాధి ఉన్న జిల్లాల్లో ఏటా ఇంటింటికీ డీఈసీ మాత్రలు పంచే కార్యక్రమం 2004లో మొదలైంది, ఆల్బెండజోల్ తర్వాత దానికి తోడైంది. మాత్ర మింగాక కొందరికి జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తాయి. అది రక్తంలోని పురుగు పిల్లలు చచ్చిపోవడం వల్లనని ఊరి నర్సు ఏఎన్ఎం ముందే చెప్పకపోతే, వచ్చే ఏడు ఆ వీధి వీధంతా మాత్ర జేబులో వేసుకుని మింగినట్టు తలూపుతుంది. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడ్డవారికి ఈ మాత్రలు ఇవ్వరు.

ఉబ్బిన కాలు మామూలుగా మారకపోయినా, దాన్ని ఇంకా చెడిపోకుండా ఆపవచ్చు. ఆ ఆపడమంతా కడగడంలో ఉంది. ఏఎన్ఎం ఒక టబ్బు, మగ్గు, సబ్బు, మెత్తటి తువ్వాలు తీసుకుని రోగి ముందు పీట వేసుకుని కూర్చుంటుంది. చల్లటి నీళ్ళు పోసి, సబ్బు నురగ చేతికి రాసుకుని, పైనుంచి కిందికి, మడతల లోపల, వేళ్ళ సందుల్లో నెమ్మదిగా రుద్దుతుంది. రుద్దడం కంటే ముఖ్యం ఆరబెట్టడం. ప్రతి సందులోనూ తువ్వాలు అద్ది తడి లేకుండా చేస్తుంది, పగిలినచోట మందు రాస్తుంది. తర్వాత తువ్వాలు రోగి చేతికిచ్చి రెండో కాలు ఆయన చేతనే కడిగిస్తుంది. పదేళ్ళుగా బంధువులు కూడా తాకడానికి జంకిన కాలు అది. ఆ తాకిడి వల్ల కలిగే ధైర్యం మందుల జాబితాలో లేదు, కానీ చికిత్సలో భాగమే.

ఉప్పెన నేర్పిన పాఠం

1864 నవంబరు 1న వచ్చిన తుఫానులో మచిలీపట్నం, దాని చుట్టుపక్కల ముప్పై వేల మంది దాకా చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పది వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. నీళ్ళు తీశాక మిగిలింది ఉప్పుబారిన బావులు, చెరువులు, తేలిన కళేబరాలు. అలాంటి రోజుల్లో నర్సింగ్ మొదటి పని తాగే నీటితోనే మొదలవుతుంది. క్లోరిన్ కలపడం, కాచి తాగమనడం, విరేచనాలు మొదలైతే వెంటనే ఓఆర్ఎస్ పట్టడం.

ఓఆర్ఎస్ కథే రోగి విద్యకు అతి పెద్ద సాక్ష్యం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా చెలరేగినప్పుడు బనగావ్‌లో సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. బతికించింది ఆ తల్లుల, అన్నల చేతులు. ఇప్పుడు పొట్లం దొరకనిచోట కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి అదే పని చేయవచ్చు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం కాబట్టి, కలిపాక రుచి చూసి కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదని చెబుతారు. పొట్లం కలిపిన నీళ్ళు ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి. పిల్లలకు దీంతో పాటు జింకు బిళ్ళ పద్నాలుగు రోజులు, విరేచనాలు ఆగినా సరే.

ఈనాడు తుఫాను హెచ్చరిక రాగానే నెలలు నిండిన గర్భిణులను ముందే ఆసుపత్రులకు తరలించడం ఆనవాయితీ. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుఫానుల్లో ఈ ముందుచూపు విలువ తెలిసింది. ఎవరికి ఎన్నో నెల, ఎవరికి డయాలిసిస్, ఎవరు టీబీ మందుల మీద ఉన్నారు అనేది ఆ ఊరి ఏఎన్ఎం, ఆశా కార్యకర్తల పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకాల్లోని మరో విలువ గోప్యత. ఊరంతా చుట్టాలే అయినచోట ఒకరి టీబీ, ఒకరి హెచ్ఐవీ సంగతి రచ్చబండ దాకా పోకుండా కాపాడటం మందు ఇవ్వడమంత బాధ్యత. హెచ్ఐవీ విషయంలో 2017 చట్టం దాన్ని తప్పనిసరి కూడా చేసింది.

ఈ వ్యాసం చదివేవారిలో ఎవరో ఒకరు త్వరలో మచిలీపట్నంలోనో, గుడివాడలోనో, అవనిగడ్డలోనో ఒక మంచం పక్కన కూర్చోవలసి వస్తుంది. ఇంటికి బయలుదేరే ముందు నర్సును నాలుగు సంగతులు అడగండి: ఏ బిళ్ళ ఎప్పుడు, ఎన్నాళ్ళు; ఏం తినాలి, ఏం తినకూడదు; ఏం కనిపిస్తే ఆగకుండా తిరిగి రావాలి; మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి. విన్నది ఆమెకు తిరిగి చెప్పండి. ఆ మాటలు వినడానికి బిల్లు కట్టే మనిషికి బదులు, ఇంట్లో మందు చేతికిచ్చే మనిషిని పంపండి.